ముందుకు తోసిన చేయి

పోయినవారం కృపారాణిని ఆత్మకూరు బస్టాండులో దించి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. ఆషాఢం వచ్చినా ఎండ తగ్గలేదు. చున్నీ తలమీదికి లాక్కుని, ఎదురుగా కరెంటు స్తంభాలకు కట్టిన ఫ్లెక్సీని చదువుతోంది. ఒక పక్క మెడలో దండతో పెంచలప్రసాద్ నిలువెత్తు ఫొటో. ఇంకో పక్క తలకు హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న అతని కూతురు నవ్యశ్రీ. మధ్యలో ఎర్రటి అక్షరాలు: ‘ఆదివారం విగ్రహావిష్కరణ. ఆకాశం నుంచి పుష్పాంజలి.’ కింద, ఇలాంటి ఫ్లెక్సీల్లో ఎప్పుడూ ఉండేట్టే, ఊళ్లో పెద్దమనుషుల ముఖాలు వరసగా, అందరూ దణ్ణం పెడుతూ.

ఈ కథలోకి ఇవాళే వచ్చినవాళ్ల కోసం జరిగింది క్లుప్తంగా చెప్పేస్తాను. జైరోప్లేన్ అని ఒక చిన్న విమానం ఉంది. మోటార్‌సైకిల్ నెత్తిన సీలింగ్ ఫ్యాను బిగించినట్టు ఉంటుంది. ముందు ఒకరు, వెనక ఒకరు కూర్చోవచ్చు. ఇంజనూ, మెషీన్‌ను ముందుకు తోసే పంకా వెనక మనిషి వీపును ఆనుకునే ఉంటాయి. ఆత్మకూరు రామనారాయణ పెద్దకొడుకు పెంచలప్రసాద్ దాని మీద మనసు పడ్డాడు. ఉదయగిరి దుర్గం చూడ్డానికి వచ్చేవాళ్లను కొండ ఎక్కించే బదులు, కొండ చుట్టూ గాల్లో తిప్పి చూపిద్దామని రెండు మెషీన్లు తెప్పించాడు. అవి లేచీ దిగేందుకు దుత్తలూరు దారిలో బీడునేల చదును చేయించాడు. నడపడం నేర్పడానికి వరికుంటపాడు టీచరమ్మ రెబెకమ్మ కూతురు కృపారాణిని పెట్టుకున్నాడు. ఆమె ఊళ్లు పట్టుకు తిరిగి నేర్చుకుని, పరీక్షలు పాసై, ఇతరులకు నేర్పే అర్హత కూడా సంపాదించుకున్న మనిషి.

ఏడాది కిందట ఉదయగిరి కొండ కింద జామాయిల్ తోటలో ఒక మెషీన్ కూలింది. నడుపుతున్న ప్రసాద్ అక్కడికక్కడే పోయాడు. వెనక కూర్చున్న తమ్ముడు ప్రశాంత్ ఎగిరి పొదల్లో పడి, కాలు విరిగినా బతికి బయటపడ్డాడు. మెషీన్ తగలబడిపోయింది. ఎంక్వైరీవాళ్లు వచ్చారు, బూడిదను ఫొటోలు తీసుకున్నారు, పైలట్ తప్పిదం అని తేల్చి వెళ్లిపోయారు. ఆ మాట ఉదయగిరి టీకొట్టు నుంచి ఆత్మకూరు టీకొట్టుకు చేరేసరికి నేర్పిన పంతులమ్మ తప్పిదంగా మారింది. ఆడమనిషి దగ్గర విమానం నేర్చుకుంటే ఇంతే అన్నారు, సైకిలు తప్ప ఏదీ తొక్కని మహానుభావులు.

అప్పటినుంచి కృపారాణి వరికుంటపాడులో పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పుకుంటోంది. చెబుతూ చెబుతూ ఒక్కోసారి ఆగిపోతుంది. ప్రసాద్‌కు తను నేర్పినదాంట్లో ఎక్కడ లోటు జరిగిందో ఆమెకు అంతుపట్టలేదు. రాత్రీ పగలూ అదే ఆలోచన. అలాంటి మనిషికి మొన్న ఈ కబురు తెలిసింది: ఆదివారం మిగిలిన రెండో మెషీన్‌ను ప్రశాంత్ నడుపుతాడు, వెనక సీట్లో పూలబుట్టతో నవ్యశ్రీ కూర్చుంటుంది. ప్రశాంత్ ఈ మెషీన్ నడపడం నేర్చుకోలేదని కృపారాణికి తెలుసు. ఆ పిల్లను ఎక్కనివ్వకూడదు. అందుకే ఈ శనివారం బస్సెక్కింది.

“ఆ ఇంటికి పోబాక,” అని రెబెకమ్మ పొద్దున గడపలో అడ్డం నిలబడింది. “వాళ్లు నిన్ను అనని మాట ఏముండాది? ఇంకా ఏం మిగిలిందని పోతావు?”

“పిల్ల మిగిలి ఉండాది గదమ్మా,” అంది కృపారాణి.

రెబెకమ్మ పక్కకు తప్పుకుంది. కూతురు వీధి మలుపు తిరిగేదాకా పెదాలు కదుపుతూ ప్రార్థన చేసుకుంది. ఆ ప్రార్థనలో రామనారాయణ గురించి ఏమన్నదో దేవుడికే తెలియాలి.

రామనారాయణ పాత రైస్‌మిల్లు గోడౌను ఊరి చివర ఉంది. మెషీన్‌ను అందులో పెట్టారు. బయట రేకుల పందిరి కింద ఆడవాళ్లు కూర్చుని బంతిపూల దండలు కడుతున్నారు. కృపారాణిని చూడగానే వాళ్ల మాటలు సన్నబడ్డాయి. ఆమె తల వంచకుండా వాళ్లను దాటుకుని లోపలికి వెళ్లింది.

మెషీన్‌ను కడిగి, తుడిచి, కుంకుమబొట్లు పెట్టారు. ముక్కుకు నిమ్మకాయలు, మిరపకాయలు గుచ్చిన దండ వేలాడుతోంది. నెత్తిన ఉన్న పొడవాటి రెక్క కదలకుండా తాడుతో కట్టేశారు. పక్కనే వెదురుబుట్ట, దాని చుట్టూ జరీగుడ్డ. ఇన్నిటి మధ్య ప్లాస్టిక్ కుర్చీలో రామనారాయణ కూర్చుని ఉన్నాడు. ఆయన గొంతు పెంచే మనిషి కాదు. ఆయన గొంతు తగ్గించాడంటే ఎదుటివాడు తగ్గాలని అర్థం.

“రా పాపా. ఎండన పడి వచ్చినావు. మజ్జిగ తాగుదువు, కూర్చో,” అన్నాడు. ఏడాదిగా ఊరు ఆమెను అన్న మాటల్లో ఒక్కటీ ఆయన నోటినుంచి రాలేదు. ఒక్కదాన్నీ ఆయన ఆపలేదు కూడా.

“మజ్జిగ వద్దు సార్. రేపు నవ్యశ్రీని ఎక్కించబాకండి. ఆ మాట చెప్పిపోదామని వచ్చినాను.”

“నాయన విగ్రహం మీద పూలు చల్లడానికి కూతురు గాక ఎవరు ఎక్కుతారు పాపా?”

“ఆ బుట్ట ఒళ్లోనే గదా సార్ పెట్టుకోవాల. ఆ పిల్ల ఈపు ఎనకనే పంకా తిరగతా ఉంటుంది. పూలు పోతే పోయినాయి, బుట్ట చేజారితే? దాని మీద గుడ్డ ఎగిరితే? పంకా విరగడానికి అంత చాలు. పెద్ద విమానంలో కిటికీలోంచి చల్లినట్టు గాదు ఇది.”

రామనారాయణ బుట్ట వంక చూశాడు. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ తట్టలేదన్నది ఆయన ముఖంలోనే కనిపించింది. పూలు ఎక్కడ కొనాలి, ఎవరిని పిలవాలి, మైకు ఎవరికివ్వాలి అన్నవన్నీ ఆలోచించారు గాని, గాల్లో పూలు ఎటు పోతాయని ఆలోచించినవాడు లేడు.

“బుట్ట తీసేద్దాంలే,” అన్నాడు. “పాప పిడికిట్లో నాలుగు పూలు పట్టుకుంటుంది. సరేనా?”

ఊళ్లో తగవులు తీర్చీ తీర్చీ ఆయనకు ఒక అలవాటు. అడిగినదాంట్లో సగం ఇస్తాడు. ఎదుటివాడు లేచి దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. కృపారాణి లేవలేదు, అసలు కూర్చుంటే గదా.

“బుట్ట సంగతి తరువాత సార్. నడిపేది ఎవరు?”

“నేను,” అన్న మాట మెషీన్ వెనకనుంచి వచ్చింది. ప్రశాంత్ చేతులు గుడ్డతో తుడుచుకుంటూ ముందుకు వచ్చాడు. కుడికాలు కొంచెం ఈడుస్తున్నాడు. “ఏం మేడం, మీ పర్మిషన్ తీసుకోవాల్నా?”

“పర్మిషన్ కాదు, ట్రైనింగ్ తీసుకోవాల. దీనికి వేరే ఉంటుంది. మీరు చెయ్యలేదు.”

“నాకు లైసెన్స్ ఉండాది. మీరు ఈ పక్కకు రాకముందే నేను మామూలు రెక్కల విమానం తోలినాను. రెండూ ఆకాశంలో పోయేవే గదా.”

“బస్సూ పడవా కూడా మనుషుల్ని మోసేవే,” అంది కృపారాణి. “ప్రశాంత్, ఏమీ రానోడికి ఇది నేర్పడం నాకు సులువు. రెక్కల విమానం వచ్చినోడికే కష్టం. మీ చేతికి ఒక అలవాటు పడిపోయి ఉంటుంది. ముందు దాన్ని మాన్పించాల. అందుకే మిమ్మల్ని నా దగ్గరికి రమ్మని మీ అన్న ఎన్నిసార్లో చెప్పినారు. మీరు రాలేదు.”

“అన్న వచ్చినాడు గదా. నీ దగ్గరే నేర్చుకున్నాడు గదా. ఏమైంది?”

ఆ ఒక్క ప్రశ్నకు భయపడే కృపారాణి ఏడాదిగా ఆత్మకూరు ముఖం చూడలేదు. బస్సులో వస్తూ కూడగట్టుకున్న ధైర్యం కాస్తా పోయింది.

అంతలో పక్కవాకిలి తోసుకుని సుస్మిత వచ్చింది. ప్రసాద్ భార్య. చేతిలో చిన్న హెల్మెట్.

“మామా, ఇది పాపకు వదులుగా ఉండాది. లోపల గుడ్డ పెట్టి కుట్టినాను. ఇంక కదల్దు,” అంటూ కృపారాణిని చూసి ఆగిపోయింది. ప్రమాదం తర్వాత వాళ్లిద్దరూ ఎదురుపడడం ఇదే మొదలు. రమ్మనీ అనలేదు, పొమ్మనీ అనలేదు. హెల్మెట్‌ను గుండెకు ఆనించుకుని అక్కడే నిలబడిపోయింది.

హెల్మెట్ అంచున తెల్లదారపు కుట్లు కృపారాణికి కనిపించాయి. దగ్గర దగ్గరగా, ఊడిపోతాయేమోనన్న భయంతో వేసిన కుట్లు. ఈ ఇంట్లో పిల్లను ఎక్కించవద్దని అనుకుంటున్న మనిషి ఇంకొకరు ఉన్నారనీ, ఆమెకు నోరు తెరిచే వీలు లేదనీ అర్థమైంది. పోయిన ధైర్యం కొంత తిరిగివచ్చింది.

“సార్, ఒక్క పని చెయ్యనీండి,” అంది రామనారాయణతో. “ఇంజన్ ఆన్ చెయ్యం. మెషీన్ ఇక్కడే ఉంటుంది. ప్రశాంత్ చెయ్యి ఒకసారి చూస్తాను. సరిగ్గా ఉంటే నా అంతట నేనే బస్సెక్కి పోతాను. మళ్లీ ఈ పక్కకు రాను.”

రామనారాయణకు ఈ బేరం నచ్చింది. పోయేదేమీ లేదు. “కూర్చోరా. నేల మీదే గదా,” అన్నాడు.

ప్రశాంత్ నవ్వుకుంటూ ముందు సీట్లో కూర్చుని, మోకాళ్ల మధ్య ఉన్న స్టిక్ పట్టుకున్నాడు. కృపారాణి పక్కన నిలబడి కళ్లు మూసుకోమంది. ఏడాదిగా వాడని గొంతు అది, నేర్పేటప్పటి గొంతు. మొదటి రెండు మాటలు బొంగురుగా వచ్చాయి, తరువాత సర్దుకుంది.

“గాల్లో ఉండారు. ఉదయగిరి కొండ ఎడమపక్కన. పడమటిగాలి కొండ దాటి ఈ పక్కకు జారతా ఉండాది. అంతా బాగుండాది. ఇప్పుడు కింద నుంచి ఒక్క దెబ్బ. ముక్కు పైకి లేచింది. ఇంకా లేస్తా ఉండాది. స్పీడు పడిపోతా ఉండాది...”

ప్రశాంత్ చేయి ముందుకు పోయింది. ఆలోచించలేదు, తడబడలేదు. వేడి పెనం తగిలితే చేయి వెనక్కి వచ్చేంత వేగంగా పోయింది. స్టిక్ చివరిదాకా వెళ్లి టక్‌మని ఆగింది.

“అంతే గదా,” అన్నాడు కళ్లు తెరిచి. “ముక్కు దించితే స్పీడు వస్తుంది. మొదటిరోజే నేర్పుతారు.”

“రెక్కల విమానంలో అయితే మీకు ఫుల్ మార్కులు. ఇందులో అయితే మీరూ, ఎనకున్న పిల్లా ఇద్దరూ పోయినారు.”

సుస్మిత హెల్మెట్‌ను గుండెకు ఇంకాస్త హత్తుకుంది. రామనారాయణ కుర్చీలో ముందుకు వంగాడు. “అట్ల అనబాక పాపా. ఏమవుతుందో చెప్పు.”

“బావిలో చేంతాడుకు బక్కెట వేలాడతా ఉంటుంది చూడండి సార్. తాడు బిగుతుగా ఉన్నంతసేపే అది మన అదుపులో ఉంటుంది. ఇదీ అంతే. మనం కూర్చునేది బక్కెట, ఆ పైరెక్క మనల్ని పట్టుకున్న చెయ్యి. పైరెక్కను ఇంజన్ తిప్పదు. గాలి కింద నుంచి తగలతా ఉంటేనే తిరుగుతుంది. స్టిక్ ఒక్కసారిగా ముందుకు తోసినామంటే తాడు వదిలేసినట్టు. రెక్కకు గాలి తగలదు, నెమ్మదిస్తుంది. ఇంజన్ మాత్రం ఎనకనుంచి తోస్తానే ఉంటుంది. మెషీన్ ముందుకు పల్టీ కొడుతుంది. రెక్క వొంగి తోకను నరికేస్తుంది. ఆపైన ఎంత మొనగాడైనా చేసేదేం లేదు.”

“మరి ఏం చెయ్యాల?” అన్నాడు రామనారాయణ.

“రేజు తగ్గించాల, అంటే ఇంజన్ జోరు. స్టిక్ కదలనీయకుండా పట్టుకోవాల. ముక్కు దానంతట అదే దిగుతుంది. చెయ్యి ఊరకుండడం నేర్పడానికే నాకు అన్ని నెలలు పట్టేది సార్. ఎనక కూర్చుని, పదేపదే అదే పని చేయించేదాన్ని. చదివితే రాదు, చూస్తే రాదు. చెయ్యికే అలవాటు కావాల.”

బయట ఎవరో బంతిపూలు చాలవని అరుస్తున్నారు. రామనారాయణ పంచె అంచు సర్దుకున్నాడు, మళ్లీ సర్దుకున్నాడు.

“నా పెద్దోడు కూడా ఇట్నే తోసినాడా?”

ఏడాదిలో ఆయన ఎవరినీ అడగని ప్రశ్న అది. కృపారాణి అబద్ధం చెప్పలేకపోయింది.

“మేకలు కాసేవాళ్లు సెల్లులో తీసిన వీడియో చూసినాను సార్. ముక్కు లేచింది, వెంటనే కిందికి కుమ్మింది. తోస్తేనే అట్లా అవుతుంది.”

“తోయొద్దని నువ్వు నేర్పలేదా?”

“అన్నిటికన్నా ముందు అదే నేర్పినాను. ప్రసాద్ సార్ అంతకుముందు ఏ విమానమూ నడపలేదు. ఆయన చేతికి ఆ అలవాటే లేదు. గాలి కొట్టినప్పుడల్లా రేజు తగ్గించి, స్టిక్ పట్టుకుని, ‘ఊరకుండు, ఊరకుండు’ అనుకునేవారు. బెదిరిన ఎద్దును బుజ్జగించినట్టు. అట్లాంటి చెయ్యి ఆ పొద్దు ఎందుకు తోసిందో నాకు తెలియడం లేదు సార్. తెలియకనే నేను ఇంకొకరికి నేర్పడం మానేసినాను.”

‘ఊరకుండు’ అన్న మాట వినగానే సుస్మిత ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ మాట ఆమెకూ తెలుసు. కోపం వచ్చినప్పుడు మొగుడు తనకు తానే చెప్పుకునే మాట.

“తోసినాడు,” అన్నాడు ప్రశాంత్. గొంతులో ఇందాకటి వెటకారం లేదు. “ఎనక ఉన్నది నేను గదా. నా కళ్లతో చూసినాను. బెదిరిపోయి రెండు చేతుల్తో తోసినాడు. ఆఫీసర్లకూ ఇదే చెప్పినాను. ప్యాసింజర్ సీటని ఎనక స్టిక్ ఊడబీకి పెట్టినాడు ఆ పొద్దు. లేకుంటే నేనే ఆపుండేవాణ్ణి.”

నేర్చుకోని మనిషి వెనక ఎక్కితే ఆ సీటు స్టిక్ తీసేయాలన్నది కృపారాణి పెట్టిన నియమమే. ప్రసాద్ దాన్ని పాటించాడని ఇంతవరకు ఆమె కూడా నమ్ముతూ వచ్చింది.

“చూపించు,” అంది. ‘మీరు’ అనడం ఎప్పుడు మానేసిందో ఆమే గమనించలేదు. “నేను ముందు కూర్చుంటా, మీ అన్న చోట్లో. నువ్వు ఎనక కూర్చో. దీనికి రెండు స్టిక్కులూ ఉండాయి, ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. మీ అన్న చెయ్యి ఎప్పుడు పోయింది, ఎంత జోరుగా పోయింది, అట్నే చేసి చూపించు. నేను యాడ తప్పు నేర్పినానో నాకు తెలియాల.”

ఇక్కడ ఆమె తెలివితేటలను మెచ్చుకోవాలని ఎవరికైనా అనిపిస్తే తొందరపడవద్దు. ఆమెకు ఏ అనుమానమూ లేదు. ఉన్నదల్లా తన మీద తనకున్న అనుమానమే.

ప్రశాంత్ కదల్లేదు. “ఇప్పుడెందుకు అవన్నీ,” అన్నాడు.

“ఎక్కరా,” అన్నాడు రామనారాయణ. గొంతు తగ్గించి అన్నాడు.

ప్రశాంత్ వెనక సీట్లోకి ఎక్కాడు. కుడికాలు లోపల పెట్టడానికి చేత్తో ఎత్తుకోవలసి వచ్చింది. కృపారాణి ముందు కూర్చుని స్టిక్‌ను మెల్లగా పట్టుకుంది. కళ్లు మూసుకుని ఆ రోజు ఎలా వెళ్లారో చెప్పమంది.

“బీడు మీంచి లేచినాం. కొండ దగ్గరికి పోయినాం. పైన కోటగోడ కనిపిస్తా ఉండాది. అన్న ఏదో పాట పాడతా ఉండాడు.”

“గాలి?”

“మధ్యాన్నం అయింది. గాలి ఎక్కువైంది. ఎనక్కి పోదాం అన్నాను. ఇంకొక్క రౌండు అన్నాడు. కొండ పక్కకు తిరిగినాం. ఒక్క దెబ్బ కొట్టింది. కింద నుంచి. ముక్కు లేచింది. కొండ కనిపించలేదు నాకు, అంతా ఆకాశమే.”

కృపారాణి ప్రసాద్‌కు నేర్పినదే చేసింది. ఎడమచేత్తో రేజు వెనక్కి లాగింది. కుడిచేత్తో స్టిక్ కదలకుండా పట్టుకుంది. తెలియకుండానే నోట్లోంచి ఆ మాట వచ్చింది.

“ఊరకుండు. ఊరకుండు.”

ఆమె చేతిలో స్టిక్ వణికింది. మరుక్షణం వెనకనుంచి ఎవరో తన్నినట్టు ముందుకు పోబోయింది. ఆమె గట్టిగా పట్టుకుంది. మణికట్టు వంగిపోతోంది. వెనకనుంచి రెండు చేతుల బలం.

“అన్నా, వదులు!” అని అరిచాడు ప్రశాంత్. “వదులన్నా! నాకు తెలుసు, నువ్వు వదులు!”

టక్‌మని స్టిక్ చివరిదాకా పోయి ఆగింది.

బయట పూలు కడుతున్నవాళ్ల మాటలు ఆగిపోయాయి. కృపారాణి మెల్లగా చేయి తీసి చూసుకుంది. అరచేతిలో ఎర్రటి గీత. ప్రసాద్ తోయలేదు. తను నేర్పినట్టే పట్టుకున్నాడు, ఆఖరిదాకా పట్టుకున్నాడు, పట్టుకునే పోయాడు. ఈ మాట తెలిస్తే గుండెమీది బరువు దిగిపోతుందని ఏడాదిగా అనుకుంది. దిగలేదు. ఆ మనిషి చివరి క్షణం తన చేతిలోంచి వెళ్లినట్టుంది. ఆమెకు ఏడుపు వచ్చింది, ఆపుకోలేదు.

ప్రశాంత్ కళ్లు తెరిచాడు. రెండు చేతులూ ఇంకా స్టిక్ మీదే ఉన్నాయి. వాటిని తీయాలని కూడా అతనికి తోచలేదు.

“ప్రశాంత్,” అంది సుస్మిత. ఆమె గొంతు మామూలుగానే ఉంది. “ఆ పొద్దు ఎనక సీటుకు స్టిక్ లేదని చెప్పినావే?”

అతను దిగబోయాడు, కాలు సహకరించలేదు. మళ్లీ సీట్లోనే కూలబడి ముఖం చేతుల్లో దాచుకున్నాడు.

రామనారాయణ లేచాడు. మెషీన్ దగ్గరికి వచ్చి తాళంచెవి పీకి చొక్కా జేబులో వేసుకున్నాడు. “రేపు ఇది లెయ్యదు. పాప ఎక్కదు,” అన్నాడు కోడలి వంక చూడకుండా. సుస్మిత గట్టిగా ఊపిరి వదిలింది. కృపారాణి వచ్చిన పని అయిపోయింది. కళ్లు తుడుచుకుని బస్టాండుకు వెళ్లిపోవచ్చు.

అయితే రామనారాయణ ఇంకా ఆగలేదు. పందిరి కింద ఒక ఆడమనిషి దండ పట్టుకుని లోపలికి తొంగిచూస్తోంది. ఆయన పక్కవాకిలికి గడియ వేశాడు. తరువాత పెద్దవాకిలి దగ్గరికి నడిచి, షట్టర్ కొక్కీ పట్టుకుని కిందికంటా లాగాడు. గోడౌను చీకటైంది. పైన రేకుల సందుల్లోంచి పడే వెలుతురు తప్ప ఏమీ లేదు. ఆయన షట్టర్‌కు వీపు ఆనించి నిలబడ్డాడు.

“పాపా,” అన్నాడు. ఇంత తక్కువ గొంతు ఆయనకు ఉన్నట్టు ఊళ్లో ఎవరికీ తెలియదు. “నాకు ఇద్దరు కొడుకులు. ఒకడు పోయినాడు. ఇప్పుడు విన్న మాట ఈ గోడలు దాటకూడదు. నీకు ఏం కావాల్నో అడుగు. నీ ట్రైనింగ్ స్కూలు మళ్లా పెట్టిస్తా. స్థలం ఇస్తా. పిల్లోళ్లను నేనే పంపిస్తా.”

“నా పేరు పోయింది సార్,” అంది కృపారాణి. “అది ఇప్పించండి.”

“అది తప్ప అడుగు.”

సుస్మిత హెల్మెట్‌ను మెషీన్ ముందు సీటు అంచున, కృపారాణి పక్కన పెట్టింది. చీకట్లో తడుముకోకుండా నేరుగా మామ ఎదురుగా వెళ్లి నిలబడింది. పెళ్లయి వచ్చిన నాటినుంచి ఆయన ముఖంలోకి చూసి మాట్లాడని మనిషి.

“మామా, షట్టర్ ఎత్తండి.”

ఆయన కదల్లేదు. సుస్మిత ఇంకొకసారి అడగలేదు. ఆయన కాళ్ల పక్కనే వంగి, షట్టర్ అడుగున రెండు చేతులూ పెట్టింది.